ఎర్ర అంచు తువ్వాళ్ళు

మా ముత్తాత రంగూన్ రేవులో మేస్త్రీ. ఇవాళ ఇటుకలు పేర్చేవాణ్ణి కూడా మేస్త్రీ అంటున్నారు కాబట్టి కాస్త విడమరచి చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం తీరాల నుంచి ఓడ ఎక్కి వచ్చిన మనుషులు ఇక్కడ దిగగానే ఎవరి పేరు చెప్పుకుని నిలబడేవారో, ఆయన మా ముత్తాత. ఏ గోదాములో ఎవరు పని చెయ్యాలో, ఏ కూలీ లైన్లో ఎవరు పడుకోవాలో ఆయనే చెప్పాలి. ఆయన కొడుకు, అంటే మా తాత, రంగూన్‌లోనే అహ్లోన్ పేటలోని బియ్యం మిల్లుల్లో మనవాళ్ళందరికీ పెద్ద. ఆయన గుర్రబ్బండి స్ట్రాండ్ రోడ్డు మీద వస్తుంటే ఓడ కంపెనీల దొరలు టోపీలు తీసేవారని మా ఇంట్లో చెబుతారు. టోపీలు తీశారో లేదో నాకు తెలియదు. పక్కకు తప్పుకున్న మాట మాత్రం నిజం. ఆయన కాదంటే ఆ పూట ఓడలో బస్తా కదిలేది కాదు. మా నాన్న కాలానికి మిల్లులు సర్కారువి అయ్యాయి, మనుషుల్లో సగం మంది దేశానికి, అంటే ఇండియాకి, వెళ్ళిపోయారు. ఆయన పబేడాన్ పేటలో మూడంతస్తుల ఇంట్లో ఒక్క పై అంతస్తు మిగుల్చుకున్నాడు. చనిపోయేదాకా ఇస్త్రీ చెయ్యని చొక్కా ఒంటి మీద వేసుకోలేదు. నేను ఆయన కొడుకుని.

ఆ అంతస్తు ముందుగదిలో ఒక టేకు బల్ల ఉండేది. నిలువెత్తు మనిషి కాళ్ళు చాపి పడుకోగలిగినంత పొడవు. కానీ దాని మీద ఎవరూ పడుకోలేదు. ముత్తాత ఆ బల్ల మీద కూర్చునే తగాదాలు తీర్చాడు. ఆయన తరవాత దాని మీద కూర్చునేది ఇంటి పెద్ద ఒక్కడే, దిగేది అమ్మవారి ఘటం ఒక్కటే. ఏటా ఎండాకాలంలో అహ్లోన్‌లో సంబరం జరుగుతుంది. గుడి దగ్గర ఎత్తిన ఘటం దారిలో మరెక్కడా ఆగకుండా ముందు మా ఇంటికి వస్తుంది. డప్పులతో మా మెట్లు ఎక్కుతుంది. మోసేవాడి కాళ్ళు నేను పసుపు నీళ్ళతో కడుగుతాను. ఘటం బల్ల మీద దిగుతుంది. ఆ తరవాతే ఊళ్ళో మిగిలిన ఇళ్ళు. మిల్లులు పోయాయి, గుర్రబ్బండి పోయింది, ఇది మాత్రం పోలేదు.

ఆ ఏడు వానల్లో పైకప్పు రేకులు లేచిపోయి, సరిగ్గా బల్లకి పైన చాప వెడల్పున కన్నం పడింది. ఆకాశం కనిపించే గదిలో అమ్మవారిని దించరు. సంబరం నాటికి కప్పు వెయ్యకపోతే ఘటం మా వీధి మొగలోంచే వెనక్కి తిరుగుతుంది. ఒకసారి తిరిగిందంటే మళ్ళీ ఏడు మా ఇల్లు ఎవరికి గుర్తుంటుంది? వానలు తగ్గినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. మా అక్క ఆ కన్నం కింద బకెట్టు పెట్టి ఊరుకుంది. ఆవిడ భర్త పోయాక నా దగ్గరే ఉంటోంది. దేనికీ కంగారు పడే మనిషి కాదు.

అవి విదేశీయులు గుంపులు గుంపులుగా ఊరి మీద పడిన రోజులు. ఆసియాలో మిగిలిపోయిన యూరప్ నగరం అని ఎవరో వాళ్ళకి నూరిపోశారు. వాళ్ళ తాతలు ఇక్కడ కట్టి వదిలేసిన ఎర్ర ఇటుక కోర్టునీ, గడియారం ఉన్న కస్టమ్స్ ఆఫీసునీ చూడటానికి వాళ్ళు అర్ధప్రపంచం దాటి వచ్చేవారు. అటువంటివి వాళ్ళ ఊళ్ళో ఇంకా మంచివి, కిటికీ అద్దాలతో సహా, ఉన్నాయి. అవి వద్దు. గోడలోంచి రావి మొక్క మొలవాలి, మెట్ల మీద పావురాల రెట్ట ఉండాలి, అప్పుడు గాని వాళ్ళకి చరిత్ర కనిపించదు. ఎండలో ఎర్రగా ఉడికిపోయి, చెంపలకి థనాకా చెక్క గంధం పూయించుకుని, కట్టుకోవడం రాని లుంగీని రెండు చేతులతో పట్టుకుని నడిచేవారు. పొద్దున్న ఊరు చుట్టి వచ్చే రైలు ఎక్కి, ఎక్కిన చోటే దిగి, ఏదో సాధించినట్టు మొహాలు పెట్టేవారు. మా వీధిలో దోసెలు పోసే ఆవిడ చేతిలోంచి గరిటె లాక్కుని పెనం మీద ముద్ద చేసి, దానికి ఫొటో తీసుకునేవారు.

మా పై అంతస్తుల వాళ్ళం బాల్కనీలోంచి వీధిలోకి ఒక తాడు వేలాడదీస్తాం. కింద చివర క్లిప్పు, పైన గంట. పేపరువాడో కూరలవాడో లాగితే గంట మోగుతుంది, సరుకు క్లిప్పుకి తగిలిస్తే పైకి లాక్కుంటాం. ఒకరోజు మా గంట మోగింది. చూస్తే కింద డజను మంది తెల్లవాళ్ళు నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు. క్లిప్పుకి ఏమీ లేదు. మర్నాడూ అంతే. వీధిలో ఉన్న తాళ్ళన్నీ లాగుతూ పోవడం వాళ్ళ టూరులో ఒక వినోదమట. మూడోనాడు నేను తాడు పైకి లాగి కట్టేశాను.

దాంతో వాళ్ళని తిప్పే మనిషి మెట్లెక్కి వచ్చింది. ఊరికి తూర్పున మింగళ తౌంగ్‌న్యున్ పేటలో పుట్టిన మనమ్మాయే. ముప్పై దాటి ఉంటాయి. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం బర్మీసూ ఇంగ్లీషూ అడ్డం పడతాయి. నన్ను బర్మావాళ్ళు చిన్నాన్నని పిలిచినట్టు ఊలే అని పిలిచింది.

"సారీ ఊలే. తాడు లాగితే వాళ్ళు హ్యాపీ అయిపోతారు. వాళ్ళ దేశంలో ఇది లేదు కదా."

"వాళ్ళ దేశంలో లిఫ్టులుంటాయి. వెళ్ళి ఆ బొత్తాలు నొక్కుకోమను."

అక్క వంటింట్లోంచి వచ్చింది. "ఉండరా, మూడంతస్తులెక్కొచ్చింది పిల్ల. ఏటమ్మా, ఎవులి పిల్లవి నువ్వు?"

"మా తాత వార్ఫ్‌లో చేసేవాడు ఆంటీ. ఎర్ర అంచు తువ్వాలు ఉండేది ఇంట్లో. అమ్మ దాంతో నా తల తుడిచేది."

ఈ తువ్వాలు సంగతి చెప్పాలి. ఓడ దిగినవాడు మా ఇంట్లో మొదటి అన్నం తినేవాడు. తిని లేచాక ముత్తాత వాడి భుజాన ఒక కొత్త తువ్వాలు వేసేవాడు. ఎర్ర అంచు, అంచు మీద రెండు నల్ల గీతలు. ఆ గుడ్డ ఉన్నవాడు మా మనిషి. రేవులో వాణ్ణి ఇంకొకడు ముట్టుకోడు. మా ఇంట్లో మొదటిసారి అన్నం తిన్నవాడు వట్టి భుజంతో మెట్లు దిగడమన్నది ఇన్ని తరాల్లో జరగలేదు. రెండు పెట్టెల నిండా ఆ తువ్వాళ్ళు ఇంకా ఉన్నాయి. సంబరంలో ఘటం వెనక నడిచేవాళ్ళు ఇప్పటికీ తాతల నాటి ఆ తువ్వాళ్ళే వేసుకుంటారు.

ఆ అమ్మాయి తల ఎత్తి చూసింది. "ఊలే, ఆకాశం కనిపిస్తంది."

"నాకూ కళ్ళున్నాయి."

"నా టూర్‌లో లంచ్ మీ ఇంట్లో పెడదాం ఊలే. హెరిటేజ్ హోమ్. వాళ్ళు ఈ బల్ల చూస్తారు, మీరు స్టోరీ చెప్తారు. మా కంపెనీ రూఫ్ చేయించేస్తది. సంబరంకి రెడీ."

"ఇది హోటలు కాదు."

"కాదు, నిజవే," అంది అక్క. "హోటలైతే కప్పుండేది."

ఆలోచించడానికి ఒక రాత్రి అడిగాను. ఆలోచించేదేమీ లేదని నాకు తెలుసు. బల్లకి పైన ఆకాశం అలాగే ఉంది. పొద్దున్న అక్కని పెట్టెలు తియ్యమన్నాను.

"ఏట్రా, తెల్లోళ్ళకి తువ్వాళ్ళేటి? దేశం నుంచి ఓడ దిగినోళ్ళేటి వాళ్ళు?"

"డబ్బు తీసుకుని అన్నం పెడితే హోటలు. తువ్వాలు వేసి పంపితే ఇల్లు."

"అది కూలోళ్ళకి ఏసేది గదరా!"

"వీళ్ళు అంతకంటే ఎక్కువా?"

అక్క నవ్వీ నవ్వీ గుమ్మం పట్టుకుంది. నేను నవ్వులాటకి అనలేదు. వాళ్ళ తాతల ఓడల్లోంచి బస్తాలు దించినవాళ్ళ భుజం మీది గుడ్డ ఇప్పుడు వాళ్ళ భుజాన పడుతోంది. అది వెయ్యడానికి తగిన చెయ్యి ఊళ్ళో ఒక్కటే ఉంది. నా లెక్క అది, ఇప్పటికీ అదే.

కట్టేసిన తాడు మళ్ళీ కిందికి వదిలాను. చలికాలమంతా వచ్చారు. అక్క పులిహోర, గారెలు, చారు చేసేది. ఒకడు గోధుమలు తినడు, ఒకావిడ నెయ్యి ముట్టదు, ఇంకొకడు ఏదీ తినడు గాని అన్నిటినీ ఫొటో తీస్తాడు. ఆకలి ఎరగని మనుషులకి వడ్డించడం ఎంత విసుగో అప్పుడు తెలిసింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల మీద కూర్చునేవాణ్ణి. నేను లేస్తే వాళ్ళు కూర్చుంటారన్న భయంతో భోజనాలయ్యేదాకా లేచేవాణ్ణి కాదు. ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చి, రొప్పు తగ్గాక, మా ఊళ్ళో కూడా అచ్చం ఇలాంటి మెట్లే ఉన్నాయన్నాడు. మరి ఇంత దూరం ఎందుకొచ్చావని అడగమన్నాను. ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన చేతులు జోడించి నాకు దణ్ణం పెట్టాడు.

ఒకావిడ నోట్‌బుక్ తెరిచి, ఆ కాలంలో మీ వాళ్ళు చాలా బాధలు పడ్డారా అని అడిగింది. కళ్ళల్లో అప్పటికే నీళ్ళు సిద్ధంగా పెట్టుకుంది.

"మా వాళ్ళు పడలేదు," అన్నాను. "మా కింద ఉన్నవాళ్ళు పడి ఉండొచ్చు. వాళ్ళని అడగండి."

ఆవిడ నోట్‌బుక్ మూసేసింది. వెళ్ళేటప్పుడు తువ్వాలు వేస్తే మాత్రం అద్దం ఎక్కడుందని అడిగింది. అందరూ అంతే. భుజాన తువ్వాలు పడగానే పిల్లల్లా మురిసిపోయేవారు. దాని అర్థం ఏమిటని ఒక్కడు అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

చలి తగ్గేలోపు కొత్త రేకులు వచ్చాయి. కంపెనీ వాళ్ళు మాట ప్రకారం కప్పు వేయించారు. బల్లకి నూనె రాయించాను. ఇక ఘటానికి అడ్డం లేదనుకున్నాను.

సంబరం ఇంకా కొద్ది రోజులుందనగా అహ్లోన్ నుంచి ఘటం మోసే ముసలాయన వచ్చాడు. రేవులో బస్తాలు మోసి విరమించుకున్నవాడు. తల మీద ఘటం లేకపోయినా ఉన్నట్టే మెడ నిటారుగా పెట్టి నడుస్తాడు. గుమ్మంలో ఆగి చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. కప్పు వైపు చూసి తల ఊపాడు. అక్క ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

"బావూ, నిన్న పగోడా కాడ ఒక దొరసానిని సూసినాను."

"ఊరంతా దొరసానులే."

"ఆవిడి బుజం మీద మన తువ్వాలున్నాది."

"నేనే వేశాను."

"ఆవిడి పక్కనొక దొర. ఆడు బుర్రకి సుట్టుకున్నాడు. ఐస్‌క్రీం కారిపోతంటే దాంతోనే మూతి తుడుసుకున్నాడు."

"మరి గుడ్డ ఉన్నది దేనికి?"

"ఓలమ్మ, ఏటి మాటది బావూ!" అన్నాడు. "ఆ గుడ్డేసుకుని మా అయ్య పీక దాకా నీట్లో నిలబడి బస్తా దించినాడు. సచ్చిపోతే దాన్నే మొకం మీద కప్పినారు. ఇప్పుడు మా లైన్లో కుర్రోళ్ళు నవ్వుతన్నారు. ఈ తువ్వాలేసుకుని గటం ఎనక నడిస్తే మేస్త్రీగోరు మాకూ లంచి పెడతారేటి, అంతన్నారు."

"ఎవరి భుజాన వెయ్యాలో ఈ ఇల్లు చూసుకుంటుంది. మీ అయ్యకి వేసింది కూడా ఈ ఇల్లే."

"ఏసినారు. నాను కాదన్నానేటి? మా అయ్య టికెట్టు కొనుక్కుని ఏయించుకోలేదు గదా బావూ."

అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. మింగళ తౌంగ్‌న్యున్‌లో ఫోన్ల దుకాణాలున్న ఒకడు కొత్తగా మేడ కట్టాడు. ఘటం ముందు తన ఇంటికి రావాలని గుడి పెద్దల దగ్గర కూర్చున్నాడు. వాడి తాత మా వీధరుగు మీద ఎన్నాళ్ళు పడుకున్నాడో మా ఇంట్లో అందరికీ తెలుసు.

"లిఫ్టున్నాది ఆడి మేడకి," అన్నాడు ముసలాయన, కాస్త మెత్తబడి.

"అమ్మవారికి లిఫ్టెందుకు? ఆవిడకి మోకాళ్ళు నొప్పులా?"

"ఆవిడికి లేవు. నాకున్నాయి బావూ." తనే నవ్వాడు. మళ్ళీ మెడ నిటారు చేశాడు. "అయినా సరే. ఆ తెల్లోళ్ళకి తువ్వాళ్ళాపీ. ఈ మోకాళ్ళతోనే ఎక్కుతాను, గటం నీ బల్ల మీదే దింపుతాను. పెద్దోళ్ళతో నాను సెప్పుకుంటాను. నువ్వు ఊఁ అను సాలు."

నేను ఊఁ అనలేదు. తువ్వాలు వేయించుకున్నవాడి కొడుకు వచ్చి తువ్వాలు ఎవరికి వెయ్యాలో చెబితే, ఇక ఈ ఇంట్లో మేస్త్రీ ఎవరు? ఆ మాటే అన్నాను. ఆయన చెవి మీది చుట్ట తీసుకుని మెట్లు దిగాడు. దిగుతుంటే ఒక్కో మెట్టుకీ మోకాళ్ళ చప్పుడు పైకి వినిపించింది.

"ఆపీరా," అంది అక్క. "కప్పు అయిపోనాది గదా. ఇంకేటి నీకు వాళ్ళతో?"

"అయిపోయింది కాబట్టే ఆపకూడదు. ఇప్పుడు ఆపితే రేకుల కోసం తువ్వాళ్ళు వేశానంటారు."

"మరి దేనికోసం ఏసినావు?"

"ఇంటికి వచ్చినవాళ్ళకి వేశాను."

అక్క చల్లారిన టీ తీసుకెళ్ళి తనే తాగింది. ఆ వారం వచ్చిన గుంపుకి కూడా నేను తువ్వాళ్ళు వేశాను. పెట్టెలోంచి మంచివి ఏరి మరీ వేశాను.

సంబరం రోజు పొద్దున్నే గది కడిగించాను. బల్ల మీద కొత్త బట్ట పరిచి, గుమ్మానికి వేపరెమ్మలు కట్టాను. ఇత్తడి బిందెలో పసుపు నీళ్ళు కలిపి బాల్కనీ దగ్గర పెట్టాం. ఎండ ముదిరేసరికి స్ట్రాండ్ రోడ్డు వైపు నుంచి డప్పులు వినిపించాయి. దగ్గరయ్యాయి. మా వీధి మొగలో ఆగాయి.

బాల్కనీలోంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి. ముసలాయన తల మీద ఘటం, చుట్టూ వేపాకు, వెనక మనవాళ్ళు. ఎవరి భుజం మీదా ఎర్ర అంచు లేదు. అందరూ బజార్లో కొన్న పసుపు గుడ్డలు వేసుకున్నారు. ముసలాయన మా వీధిలోకి తిరిగి నిలబడ్డాడు. ఘటం కదలకుండా కళ్ళు మాత్రం పైకెత్తి నా బాల్కనీ వైపు చూశాడు. డప్పులు అక్కడే మోగుతున్నాయి. ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యలేదు, వెనక్కీ వెయ్యలేదు.

"పిలవరా," అంది అక్క నా మోచెయ్యి పట్టుకుని. "నీ కోసవే నిలబడ్డాడు. ఒక్క కేకెయ్యి."

మా ముత్తాత పిలవలేదు. మా తాత పిలవలేదు. కప్పు మీద బాంబులు పడతాయని ఊరు సగం ఖాళీ అయిన ఏడు కూడా ఘటం తనంతట తానే వచ్చింది. ఈ ఇల్లు ఘటాన్ని పిలవదు. ఘటం ఈ ఇంటికి వస్తుంది. నేను కటకటాలు పట్టుకుని నిలబడ్డాను.

ముసలాయన మరికాస్త సేపు చూశాడు. తరవాత తూర్పు వైపు తిరిగాడు. డప్పులు ఆయన వెంట వెళ్ళాయి. ఆ ఫోన్ల దుకాణంవాడి మేడలో కరెంటు పోతుందేమోనని పొద్దున్నుంచీ జనరేటర్ ఆడించారనీ, డప్పులవాళ్ళు పట్టకపోతే లిఫ్టు రెండుసార్లు కిందికీ పైకీ తిరిగిందనీ తరవాత విన్నాను. అమ్మవారిని సరుకులా ఎక్కించారు. వాళ్ళకి తగ్గట్టే ఉంది.

డప్పులు ఇంకా వినిపిస్తుండగానే మా గంట మోగింది. కింద ఆ అమ్మాయి, ఆమె చుట్టూ ఆ వారం మా ఇంట్లో తిన్న తెల్లవాళ్ళు. అందరి భుజాల మీదా ఎర్ర అంచు తువ్వాళ్ళు ఉన్నాయి. వీధి మొత్తానికి ఎర్ర అంచు వేసుకున్నవాళ్ళు వాళ్ళే. మెట్లెక్కి వచ్చి గదిలో గోడ వెంబడి వరసగా నిలబడ్డారు. ఒకడు బల్ల మీది కొత్త బట్టని వేలితో ముట్టుకోబోతే నేను చూశాను, వెంటనే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఊలే, ఎప్పుడు వస్తది? వీళ్ళు వెయిటింగ్."

"అయిపోయింది. అన్నం తిని వెళ్ళమను."

ఆ అమ్మాయి బల్లనీ, బిందెనీ, నన్నూ చూసి, వాళ్ళని భోజనానికి కూర్చోబెట్టింది. అక్క వడ్డించింది. ఆ ఒక్కరోజే వాళ్ళు తిండి గురించి ఏ పేచీ పెట్టకుండా తిన్నారు. వాళ్ళు వెళ్ళాక అక్క బిందె ఎత్తి పసుపు నీళ్ళు బాల్కనీలోంచి కిందికి పోసింది. వీధిలో ఎవరో బర్మీస్‌లో గట్టిగా తిట్టారు. అక్క తెలుగులో అంతకంటే గట్టిగా తిట్టింది.

ఆ మర్నాటి నుంచి ముందుగది తలుపు వేసేశాను. ఆ అమ్మాయి రెండుసార్లు తాడు లాగింది, నేను పలకలేదు. ఘటం దిగని బల్ల మీద కూర్చుంటే నేను ఏ ఇంటికి పెద్దనని కూర్చోవాలి?

వానలు పడేలోపు ఆ బల్లని స్ట్రాండ్ రోడ్డులో ఒకప్పటి ఓడ కంపెనీ ఆఫీసులో కొత్తగా పెట్టిన హోటలువాళ్ళకి అమ్మాం. పెట్టెల్లో మిగిలిన తువ్వాళ్ళు కూడా వాళ్ళే కొన్నారు.